రీలులో నాన్న వెళ్లిన దారి

“అన్నా, ఆ మూత తియ్యొద్దు!”

మేడ మీద అద్దెకుంటున్న ఉషారాణి మెట్ల మీద నుంచి అరిచేసరికే జయప్రకాశ్ వేళ్లు కెమెరా వెనక మూతను లాగేశాయి. టక్కుమని చప్పుడైంది. ఆమె రెండేసి మెట్లు దూకుతూ వచ్చి, వేలెడు సందు తెరుచుకున్న మూతను అరచేత్తో నొక్కి మూసేసింది.

“ఎంతసేపైంది తీసి?”

“ఇప్పుడే. నీ ముందేగా తీశాను.”

“లోపలికి ఎండ పడ్డదన్నా. రీలు ఖరాబైతది.”

“అవనీ. ఈ డబ్బా మూలానే కదా నిన్న మా ఇంట్లో పొయ్యి వెలగలేదు!”

వరండాలో పేము కుర్చీలో కూర్చున్న వెంకటరామారావు లేవబోయాడు. కుడికాలు సహకరించక మళ్లీ కూలబడ్డాడు. “అదే... అదే...” అన్నాడు కొడుకు వైపు చెయ్యి చాపి.

ఎనిమిది నెలల కిందట పక్షవాతం ఆయన మాటలన్నీ తీసుకుపోయి, ఈ ఒక్క మాటను వదిలేసింది. ఆకలేసినా అదే, కోపమొచ్చినా అదే.

“ఏంటి నాన్నా అదే? పొద్దున ఏడింటికి పాలప్యాకెట్ కోసమని వెళ్లినవాడివి రాత్రి ఎనిమిదింటికి వచ్చావు. ఎక్కడికి వెళ్లావంటే అదే అంటావు. పాల్వంచ బస్టాండంతా తిరిగాను. పోలీస్ స్టేషన్‌కు వెళ్లాను. చివరికి భద్రాచలం బ్రిడ్జి మీద బండాపి గోదావరిలోకి చూశాను. ఎందుకు చూశానో తెలుసా నీకు?”

తండ్రి తల దించుకున్నాడు.

లోపలి నుంచి ప్రమీలారాణి తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. “తిరిగొచ్చిన మనిషి మీద ఆ అరుపులేంట్రా? వచ్చాడు, అది చాలు నాకు.”

“నీకు చాలమ్మా. రేపు మళ్లీ వెళ్తే? మెడలో ఈ కెమెరా లేకపోతే ఈయన గేటు దాటేవాడా? చేతికి కెమెరా ఇచ్చి, రోజూ వీధి చివరిదాకా నడిపించి, ధైర్యం నేర్పింది ఎవరు?” అంటూ ఉషారాణి వైపు తిరిగాడు. “ఈ నెలాఖరుకి పైగది ఖాళీ చెయ్యి ఉషా. అద్దె బకాయి లేదు, నీ మీద కోపమూ లేదు. నాకు మాత్రం నిద్ర కావాలి.”

ఉషారాణి కెమెరా మూతను అలాగే నొక్కి పట్టుకుంది. కరెంటు ప్లాంటులో నీళ్లు పరీక్షించే ల్యాబ్‌లో ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. రెండేళ్లుగా ఈ మేడ మీద గదిలో ఉంటోంది. తండా నుంచి వచ్చిన పిల్లకు గది ఇవ్వడానికి కాలనీలో నలుగురు వంకలు చెబితే, ఇచ్చినవాడు వెంకటరామారావే. ఆ సంగతి ఆమె ఎన్నడూ మర్చిపోలేదు.

అందుకే ఆయన దవాఖానా నుంచి వచ్చి గోడకేసి చూస్తూ కూర్చున్న రోజుల్లో, రీలు కెమెరాలతో ఫోటోలు తీసే సరదా ఉన్న ఆమె, తన దగ్గరున్న రెండో కెమెరా తెచ్చి ఒళ్లో పెట్టింది. వంద అడుగుల చౌకరకం నలుపు తెలుపు ఫిల్మ్ హైదరాబాద్ నుంచి తెప్పించుకుని, పాత డబ్బాల్లోకి తనే ముక్కలుగా చుట్టుకునేది. కడగడం కూడా తనే. అలాంటి రీలొకటి అందులో వేసి ఇచ్చింది.

“ఖాళీ చేస్తనన్నా,” అంది. “కానీ అంకుల్ నిన్న ఏడికి పోయిండో ఎవ్వరం చెప్పలేం. ఆయన చెప్పలేడు. ఈ రీలు చెప్తది. నాకు రెండింటికి డ్యూటీ. ఇప్పుడు పదైతుంది. జర టైమియ్యి.”

జయప్రకాశ్ కెమెరా వంక చూశాడు. “పాడైందన్నావుగా?”

“ఎంత పోయిందో, ఎంత మిగిలిందో కడిగితేనే తెలుస్తది.”

“కడగనీరా,” అంది ప్రమీలారాణి. “సెల్‌ఫోన్ చేతికిస్తే అన్ని బొమ్మలు చూసి తికమకపడి విసిరికొట్టాడు మీ నాన్న. దీనికి ఒక మీట, రీలు జరిపే ఒక పిడి. ఆ పిడి తిప్పీ తిప్పీ కుడి బొటనవేలు కదిలింది. డాక్టరు చెప్పిన రబ్బరు బంతితో కదల్లేదు, దీంతో కదిలింది. అంతకన్నా నాకేం తెలీదు.”

జయప్రకాశ్ వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు.

*

మెట్ల కింద సామాన్ల గదికి కిటికీ లేదు. తలుపు సందులకు ప్రమీలారాణి దుప్పటి అడ్డం కట్టింది. ఉషారాణి కెమెరాలోని ఫిల్మ్‌ను డబ్బాలోకి వెనక్కి చుట్టి, ఆ డబ్బా పట్టుకుని లోపలికి వెళ్లి తలుపేసుకుంది. చిమ్మచీకట్లో వేళ్లతో తడుముకుంటూ ఫిల్మ్‌ను చట్రానికి చుట్టి, వెలుతురు చొరని నల్లటి గిన్నెలో పెట్టి మూత బిగించి బయటికొచ్చేసరికి ఆమె జాకెట్టు చెమటతో తడిసిపోయింది.

“ఇంక ఎండలో పెట్టినా ఏం కాదు,” అంది.

కొళాయి నీళ్లలో థర్మామీటరు ముంచింది. ముప్పై నాలుగు చూపించింది.

“మే నెల గదా. గింత వేడి నీళ్లల్ల బొమ్మ తేల్చే మందు కలిపితే ఫిల్మ్ మీది పొర మెత్తబడి ఊడొస్తది. ఇరవై నాలుక్కు దిగాలె.”

“ఐస్ చాలా?” అంటూనే ప్రమీలారాణి ఫ్రిజ్ దగ్గరికి నడిచింది. నిన్నంతా భర్త ఫోటో పట్టుకుని వీధి వీధీ తిరిగి వాచిన పాదాలతోనే రెండు ట్రేలు తెచ్చి బకెట్లో బోర్లించింది. మందు సీసా ఆ బకెట్లో మునిగింది. ఇద్దరూ థర్మామీటరు మీదికి వంగి చూస్తూ నిలబడ్డారు.

“నీళ్లు చల్లారడం కోసం ఇంత ఎదురుచూడటం నా జన్మలో ఇదే,” అంది ప్రమీలారాణి. నిన్నటి నుంచి ఆ ఇంట్లో ఎవరైనా నవ్వడం అదే మొదటిసారి.

మందు పోశాక ఉషారాణి గిన్నెను వెంకటరామారావు చేతుల్లో పెట్టింది. “అంకుల్, మీరే తిప్పాలె. నిమిషానికి నాలుగుసార్లు తలకిందులు. కుడిచేత్తో.”

ఆయన ఎడమచేతిని కింద ఆనించి, కుడిచేత్తో గిన్నెను పట్టుకున్నాడు. ఒకటి. రెండు. మూడోసారికి చెయ్యి వణికింది. మెట్ల మీద నుంచి జయప్రకాశ్ తెలియకుండానే లేచి నిలబడ్డాడు. నాలుగోసారి గిన్నె తిరిగింది.

ఆరున్నర నిమిషాలు. ఆ తర్వాత నీళ్లు, ఆ తర్వాత బొమ్మను నిలబెట్టే హైపో.

“ఆయన చెయ్యి అంతలా పనిచేస్తోందని నాకు తెలీదు,” అన్నాడు జయప్రకాశ్ మెల్లగా.

“నువ్వు పొద్దున షాపుకెళ్తే చీకటిపడ్డాక వస్తావు. ఎలా తెలుస్తుంది?” అంది తల్లి. నిష్ఠూరం కాదది. మామూలుగానే అంది.

ఉషారాణి మూత తీసి, చట్రం నుంచి ఫిల్మ్ కొసను మెల్లగా లాగింది. తడిసిన పొడవాటి పట్టీ ఎండలోకి వచ్చింది. ముందు ఏమీ తెలియలేదు. తర్వాత చిన్న చిన్న గళ్లు, గళ్లలో మనుషులు. జుట్లు తెల్లగా, ముఖాలు నల్లగా.

“వచ్చినయ్ అంకుల్! ఇరవై రెండు తీసిన్రు మీరు.” అంతలోనే ఆమె చెయ్యి పట్టీ చివర ఆగిపోయింది. “ఆఖరి రెండు పోయినయ్. మొత్తం మాడినయ్. దాని ముందుదాంట్ల సగం మిగిలింది.”

పొద్దున మూత తెరిచినప్పుడు పడిన ఎండే అది. జయప్రకాశ్ తండ్రి ముఖంలోకి చూడలేకపోయాడు.

“ఏమున్నాయి నాన్నా ఆ రెండింటిలో?”

వెంకటరామారావు నోరు తెరిచాడు. పెదాలు ఏవో ఆకారాలు వెతుక్కున్నాయి. “అదే,” అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు.

*

పట్టీని దండెం మీద బట్టల క్లిప్పులతో వేలాడదీశారు. వెనక తెల్లటి పంచె కట్టి, ఉషారాణి ఒక్కో గడినీ సెల్‌తో ఫోటో తీసి, నలుపును తెలుపుగా తిరగేసి చూపించింది.

మొదటిది పాల్వంచ బస్టాండు. రెండోది బస్సు కిటికీలోంచి బ్రిడ్జి, దాని కింద ఎండిన ఇసుక మేటలు. మూడోదాంట్లో భుజానికి టికెట్ మిషన్ తగిలించుకున్న కండక్టరమ్మ, నోటి మీద చెయ్యి పెట్టుకుని, కళ్లు పెద్దవి చేసి.

“చర్ల బస్సు ఇది,” అన్నాడు జయప్రకాశ్ బోర్డు చదివి. “నాన్న పడిపోయింది చర్ల బస్సులోనే కదా. మిర్చి కొనడానికి వెళ్లి వస్తూ.”

నాలుగు, అయిదు, ఆరు. పర్ణశాల అడ్డరోడ్డు దగ్గర టీ కొట్టు. ఒక ఆటో. ఆటో పక్కన నిటారుగా నిలబడ్డ నడివయసు మనిషి, చొక్కా బొత్తాలు అప్పుడే సర్దుకున్నట్టు.

“ఆ బస్సు, ఆ కండక్టరు, ఆ ఆటో... ఈళ్లంతా అంకుల్ పడిపోయిన రోజు ఉన్నోళ్లు,” అంది ఉషారాణి. “ఆంటీ, అంకుల్ ఏదో తిరుగుడు కోసం పోలే. తనను బతికించినోళ్లను వెతుక్కుంట పోయిండు.”

ప్రమీలారాణి భర్త వైపు తిరిగింది. ఆయన అవునన్నట్టు తలూపాడు. ఒకసారి కాదు, నాలుగైదు సార్లు, చిన్నపిల్లాడిలా.

“ఎవరో ఆటోలో తెచ్చి దిగబెట్టి వెళ్లారన్నారు. ఇంకో గంట ఆలస్యమైతే ఇంజెక్షన్ పనిచేసేది కాదన్నాడు డాక్టరు,” అంది ఆమె. “ఎనిమిది నెలలుగా దీపం పెట్టినప్పుడల్లా ఆ తెచ్చిన చేతులకు దణ్ణం పెట్టుకుంటున్నాను. ముఖం తెలీదు, పేరు తెలీదు. చేతులకే పెట్టుకున్నాను. నాకు రాని ఆలోచన ఈయనకు వచ్చింది చూడు.”

మిగిలిన గడుల్లో చాలావరకు ఒకే మనిషి. తండాలో ఇంటి ముందు, తునికాకు కట్టల మధ్య కూర్చున్న స్త్రీ. నీళ్ల చెంబు అందిస్తూ. నవ్వుతూ. చివరికి మిగిలిన సగం గడిలో ఒక వైపంతా తెల్లటి మంట కమ్మేసింది. రెండో వైపు ఆమె ముఖం మాత్రం స్పష్టంగా ఉంది. నెత్తిన కొంగు, నుదుట పచ్చబొట్టు, చెంపల పక్కన వేలాడే వెండి నగలు.

జయప్రకాశ్ సెల్ అందుకున్నాడు. చాలాసేపు చూశాడు. తర్వాత దాన్ని బోర్లించి గట్టు మీద పెట్టాడు.

“ఏమైందిరా?”

“ఈమె నాకు తెలుసమ్మా.”

ప్రమీలారాణికి అర్థం కాలేదు.

“నాన్న ఐసీయూలో ఉన్న రెండో రోజు వచ్చింది. పెద్దాయన కొడుకువా అని అడిగింది. అవునన్నాను. ఏదో చెప్పబోయింది. నేను... ఎంత కావాలి అన్నాను.”

“ఎంత కావాలనా?”

“డబ్బులకు వచ్చిందనుకున్నాను. జేబులోంచి నోటు తీశాను. ఆమె దాన్ని చూసింది, నన్ను చూసింది. అక్కడే నిలబడింది. సెక్యూరిటీ అతన్ని పిలిచి, ఈమెను మళ్లీ లోపలికి రానివ్వొద్దని చెప్పాను.”

“తెచ్చింది ఆమేనని తెలిసే?”

“తెలీదమ్మా. అడిగితే కదా తెలిసేది. అడగలేదు.”

ప్రమీలారాణి గట్టు మీది సెల్ తిప్పి, ఆ ముఖాన్ని మళ్లీ చూసింది.

ఉషారాణి కిందికి వంగి సీసాలకు మూతలు పెట్టుకుంటోంది. మాటిమాటికీ అదే మూతను బిగిస్తోంది.

“ఉషా, నువ్వేదన్నా అను.”

“ఏమనాలె అన్నా.” ఆమె తలెత్తలేదు. “మా అమ్మ గూడ గట్లనే కొంగు నెత్తిన కప్పుకుంటది. మొన్న నన్ను చూడనీకి ఈడికొచ్చినప్పుడు, గేటు కాడ నిలబడి, లోపలికి రావచ్చా బిడ్డా అని అడిగింది. మీ అమ్మే చెయ్యి పట్టుకుని లోపలికి తీస్కపోయింది. ఆ ముచ్చట యాదికొచ్చింది, గంతే.”

జయప్రకాశ్ ఆమె చేతిలోంచి గిన్నె తీసుకున్నాడు. కొళాయి దగ్గర కూర్చుని దాన్ని కడిగాడు. చట్రం కడిగాడు. మందు కొలిచే గ్లాసు కడిగాడు. అన్నిటినీ వరసగా ఎండలో బోర్లించి, చేతులు తుడుచుకోకుండానే తండ్రి కుర్చీ ముందు నేల మీద కూర్చున్నాడు.

“ఆదివారం అందరం వెళ్దాం నాన్నా. నేను తీసుకెళ్తాను.”

వెంకటరామారావు కుడిచెయ్యి నెమ్మదిగా లేచి కొడుకు తల మీద ఆగింది. ఆ చెయ్యి అంత ఎత్తుకు లేవడం ఎనిమిది నెలల్లో ఎవరూ చూడలేదు.

“నువ్వు కూడా రావాలి ఉషా,” అన్నాడు జయప్రకాశ్ తల తిప్పకుండా. “గది సంగతి... నేనన్నది మర్చిపో.”

“ముందు ఫోటోలు ప్రింట్ చేయించాలె,” అంది ఆమె. డ్యూటీ బ్యాగు భుజానికి తగిలించుకుని గేటు వైపు నడిచింది. గేటు దాటాక గానీ కళ్లొత్తుకోలేదు.

*

ఆదివారం పొద్దున తొమ్మిదికల్లా వాళ్ల కారు పర్ణశాల అడ్డరోడ్డు దాటి మట్టిబాట పట్టింది. తండా మొదట్లోనే తునికాకు కల్లం. ఎండలో వరసలు వరసలుగా ఆకు కట్టలు. వెంకటరామారావు కిటికీలోంచి చెయ్యి చాపి ఇల్లు చూపించాడు.

ఫోటోలోని ఆమె, పూలి, చేతిలో నార పట్టుకుని కట్టలు కడుతోంది. కారు దిగుతున్న మనిషిని చూసి లేచింది.

“మళ్ల వచ్చినవా పెద్దాయనా! ఈసారి ఇంట్ల చెప్పొచ్చినవా?”

ఉషారాణి ఆమెతో తమ తండా భాషలో మాట్లాడింది. ఎవరి బిడ్డవు, ఏ తండా అని పూలి అడగడం, ఆమె చెప్పడం, ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకోవడం మిగతావాళ్లు చూస్తూ నిలబడ్డారు. ఉషారాణి కవరులోంచి ఫోటోలు తీసి ఇచ్చింది. పూలి మొదటిదాన్ని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది, గట్టిగా నవ్వింది.

“రంగుల్లేకుంట దిగితే మా అమ్మ లెక్కనే ఉన్న! మా అమ్మకు ఒక్క ఫోటో గూడ లేకుండె. ఇగ ఇదే మా అమ్మ అని చెప్పుకుంట.”

ప్రమీలారాణి ముందుకొచ్చి ఆమె కాళ్లకు వంగింది. పూలి గబుక్కున వెనక్కి జరిగింది.

“అయ్యో, గట్ల జెయ్యకమ్మా! నేనొక్కదాన్నే జేసిన్నా? కండక్టరమ్మ బస్సాపింది. ఆటో ఆయన పొయ్యి కాడ అన్నం ఇడిశిపెట్టి ఉరికొచ్చిండు. నేను తల పట్టుకున్న, గంతే.”

“ఆ చేతులివ్వు నాకు,” అంది ప్రమీలారాణి. నార గీసుకున్న ఆ రెండు చేతులూ తన కళ్లకద్దుకుంది. అంతసేపూ నవ్విన పూలి అప్పుడు నవ్వలేదు. కొంగుతో ముక్కు తుడుచుకుంది.

జయప్రకాశ్ ఇంకా కారు పక్కనే ఉన్నాడు. తండ్రి వెనక్కి తిరిగి చూశాడు. అప్పుడు కదిలి, వచ్చి పూలి ఎదురుగా నిలబడ్డాడు.

పూలి అతని ముఖంలోకి చూసింది.

“దవాఖానాల నన్ను బయటికి పంపినోనివి నువ్వే గదా?”

“అవునమ్మా. నేనే. తప్పు చేశాను. నువ్వు చెప్పేది వినకుండా...”

“కోపమైతే వచ్చింది. అబద్ధమెందుకు? రెండు దినాలు బువ్వ సయించలే.” ఆమె ఫోటోలను జాగ్రత్తగా కవరులో పెట్టింది. “నాయన చావుబతుకుల్ల ఉన్నప్పుడు ఎవలకైనా మతి సక్కగుండదని మా ఇంటాయన అన్నడు. ఆ మాటతోని ఇడిశిపెట్టిన. గని ఒకటి మాత్రం ఇప్పటిదాంక ఇడవలేదు.”

“ఏంటమ్మా అది?”

“నేను ఆ పొద్దు డబ్బులకు రాలే బిడ్డా. ఆటోల మీ నాయనకు ఇంకా నోరు పడిపోలే. నా ఒళ్లె తల పెట్టి, ‘నా కొడుక్కు చెప్పు, మర్చిపోకు’ అని ఒక ముచ్చట చెప్పిండు. బ్రిడ్జి దాటినంక నోరు పడిపోయింది. నా ఒక్కదానికే తెలుసది. నీకు చెప్దామనే నలభై మైళ్లు వచ్చిన.”

జయప్రకాశ్ తండ్రి వైపు తిరిగాడు. వెంకటరామారావు అప్పటికే పూలి పక్కనున్న నులక మంచం మీద కూర్చుని, ఎడమచేత్తో ఆమె మోచేతిని పట్టుకుని ఉన్నాడు. చెప్పమన్నట్టు తట్టాడు. ఒకసారి. మళ్లీ ఒకసారి. ఆయన మొన్న ఇంత దూరం వచ్చింది కృతజ్ఞత చెప్పుకోవడానికే కాదని ఉషారాణికి అప్పుడు తోచింది.

“చెప్పమ్మా,” అన్నాడు జయప్రకాశ్ మట్టిలో కూర్చుంటూ. “ఇప్పుడు వింటాను.”

పూలి ఒకసారి ప్రమీలారాణి వైపు, ఒకసారి అతని వైపు చూసింది.

“అందరి ముంగట చెప్పాల్నా,” అని అడిగింది, “నీ ఒక్కనికే చెప్పాల్నా?”